ఇంజను ఉంది, ట్రాక్టర్ లేదు: లాంకాస్టర్ ఆమిష్ పొలాల దారిలో

న్యూజెర్సీ, ఫిలడెల్ఫియా పరిసరాల్లో కాపురముంటున్న తెలుగువాళ్లు ఊరి నుంచి వచ్చిన తల్లిదండ్రులకు చూపించే చోట్లలో నయాగరా, న్యూయార్క్ తరువాత లాంకాస్టర్ కౌంటీ పేరు తరచుగా వినిపిస్తుంది. ఫిలడెల్ఫియాకు పడమరగా సుమారు 100 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఆ పల్లెప్రాంతంలో, ఇంటికి కరెంటు తీగ తెచ్చుకోకుండా, కారు కొనకుండా, గుర్రపుబండి మీద తిరిగే ఆమిష్ అనే క్రైస్తవ శాఖ రైతులు ఉంటారు. ప్రకాశం జిల్లాలో మూడు దశాబ్దాలు పొగాకు పండించిన మా నాన్నను సెప్టెంబరులో ఒక శనివారం నేనూ అక్కడికి తీసుకువెళ్లాను.

30వ నంబరు హైవే పొడుగునా ఉన్న దుకాణాల వరసలు దాటి 340వ నంబరు రోడ్డులోకి మళ్లిన కాసేపటికి, ఎడమవైపు పొలంలో నాలుగు కంచరగాడిదలు ఒక యంత్రాన్ని లాగుతూ కనిపించాయి. కోసి ఆరబెట్టిన పశుగ్రాసాన్ని ఆ యంత్రం ఎత్తుకుని, మోపులుగా బిగించి, వెనక కట్టిన బండిలోకి తోస్తోంది. పగ్గాలు పట్టుకుని నిలబడిన గడ్డపాయన నెత్తిన గడ్డి టోపీ ఉంది. అంతవరకూ అది పాతకాలపు చిత్రపటంలాగే ఉంది గాని, కిటికీ అద్దం దించేసరికి ఇంజను మోత చెవులు బద్దలు కొట్టింది. యంత్రాన్ని లాగుతున్నవి కంచరగాడిదలే అయినా, గడ్డిని మోపు కడుతున్నది యంత్రం మీద బిగించిన ఇంజను. నాన్న కొంతసేపు చూసి, "ఇంజను పెట్టుకున్నవాడికి ట్రాక్టర్ కొనడానికి ఏమొచ్చిందిరా?" అన్నాడు. వాళ్ల మతం ఒప్పుకోదని చెప్పి నేను కారు ముందుకు పోనిచ్చాను. ఆ జవాబు అబద్ధం కాకపోయినా ప్రశ్నకు సరిపోలేదు. ఎందుకంటే బైబిల్లో ట్రాక్టర్ గురించి ఎంత ఉందో, గడ్డిమోపుల యంత్రం గురించీ అంతే ఉంది.

ముందుగా పేరు సంగతి. ఆమిష్ అనగానే మన చెవికి ఆమిషం తగులుతుంది. మాంసాహారంతో సంబంధం ఉన్న మాటేమోనని నాన్న అడిగాడు కూడా. వాళ్లు మాంసం తినే మాట నిజమే గాని, పేరు మాత్రం యాకోబ్ అమ్మన్ అనే బోధకుడి నుంచి వచ్చింది. 1525లో స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్‌లో, పసిపిల్లలకు ఇచ్చే బాప్తిస్మం చెల్లదనీ, వయసు వచ్చాక తెలిసి తీసుకున్నదే బాప్తిస్మమనీ కొందరు తెగేసి చెప్పారు. అనబాప్టిస్టులని పేరుపడిన వీరిని అటు కాథలిక్ ప్రభుత్వాలు, ఇటు ప్రొటెస్టెంట్ ప్రభుత్వాలు కూడా వెంటాడి చంపాయి. బతికినవాళ్లు కొండల్లోకి, పొలాల్లోకి తప్పుకున్నారు. పట్నానికీ ప్రభుత్వానికీ దూరంగా, వ్యవసాయం చేసుకుంటూ, తమలో తాము ఉండిపోవాలన్న పట్టుదలకు మూలం ఆ హింసలోనే ఉంది. 1693లో అల్సాస్ ప్రాంతంలో ఉన్న అమ్మన్, మాట తప్పిన సభ్యులతో కలిసి భోజనం కూడా చేయకూడదన్న కఠిన నియమం కోసం మిగతావారితో విడిపోయాడు. ఆయన వెంట నడిచినవాళ్లే ఆమిష్‌లు. అన్ని మతాలవారికీ చోటిస్తానన్న పెన్సిల్వేనియా స్థాపకుడు విలియం పెన్ మాటను నమ్మి 18వ శతాబ్దంలో వాళ్లు పెన్సిల్వేనియా చేరారు. యూరప్‌లో మిగిలిన చివరి ఆమిష్ సంఘం 1937లో అనబాప్టిస్టుల్లోనే మరో శాఖ అయిన మెన్నోనైట్లలో కలిసిపోయింది. అమెరికాలోనేమో 1900 ప్రాంతంలో 5, 6 వేలుగా ఉన్నవాళ్లు ఇప్పుడు 30కి పైగా రాష్ట్రాల్లో సుమారు 4 లక్షలమంది అయ్యారు. లాంకాస్టర్, దాని చుట్టుపక్కలే 40 వేలకు పైగా ఉంటారు. మెన్నోనైట్ అన్న పేరు తెలంగాణవారికి కొత్త కాదు. మహబూబ్‌నగర్, జడ్చర్ల వైపు ఉన్న మెన్నోనైట్ బ్రదరెన్ చర్చీలు ఇదే అనబాప్టిస్టు చెట్టుకు వేరొక కొమ్మ.

ఇక ఆ రోడ్డు మీద ఎదురయ్యేవాళ్లంతా ఆమిష్‌లు కారు. బూడిదరంగు బండి ఎక్కినవారు ఆమిష్‌లు. నల్లబండి ఎక్కినవారు వెంగర్ మెన్నోనైట్లని పిలిచే మరో సనాతన శాఖవారు. ఈ గుర్తు లాంకాస్టర్‌కే చెల్లుతుంది. ఒహాయో రాష్ట్రంలో ఆమిష్ బండ్లు కూడా నల్లవే. వెంగర్ మెన్నోనైట్లు పొలంలో ట్రాక్టర్ నడుపుతారు, కాని దానికి రబ్బరు టైర్లు ఉండవు, ఇనుప చక్రాలుంటాయి. అక్కడి న్యూ హాలండ్ అనే ఊరి దగ్గర అలాంటి ట్రాక్టర్ కనిపించినప్పుడు నాన్న అడిగిన దానికి సరైన జవాబు తట్టింది. రబ్బరు టైరు వేస్తే ట్రాక్టర్ రోడ్డెక్కుతుంది. రోడ్డెక్కిన ట్రాక్టర్ మీద బజారుకు పోవచ్చు, పక్క ఊరికి పోవచ్చు, అంటే అది కారు అయిపోతుంది. ఇనుప చక్రం వేస్తే అది పొలం దాటి పోదు. కాబట్టి అక్కడ ఎవరూ యంత్రం కొత్తదా పాతదా అని చూడడం లేదు. అది ఇంట్లోకి వచ్చాక మనిషిని ఎక్కడికి తీసుకుపోతుందన్నదే వాళ్లు వేసుకునే ప్రశ్న.

ఆమిష్‌లు ఈ ప్రశ్నను ఎలా వేసుకుంటారో తెలియాలంటే వాళ్ల సంఘం కొలత తెలియాలి. ఇరవై నుంచి నలభై కుటుంబాలు కలిస్తే ఒక సంఘం. చర్చి భవనం ఉండదు. రెండు వారాలకొకసారి ఆదివారం ఒక్కొక్కరి ఇంట్లో ఆరాధన జరుగుతుంది. బల్లలు మోసుకుని ఆ వారం వంతు వచ్చిన ఇంటికి చేరే పొడవాటి పెట్టెబండి మనకు రోడ్డు మీద కనిపిస్తుంది. బోధకులకు జీతం లేదు, వేదాంత కళాశాల చదువూ లేదు. సభ్యులు సూచించిన పురుషుల ముందు పాటల పుస్తకాలు పెడతారు. వాటిలో ఒకదానిలో చీటీ ఉంటుంది. అది ఎవరి పుస్తకంలో దొరికితే ఆయన జన్మంతా బోధకుడు. బండి వెళ్లగలిగినంత దూరమే సంఘం ఎల్లలు. గుర్రం గంటకు 12 నుంచి 16 కిలోమీటర్లు నడుస్తుంది కాబట్టి సంఘం ఆ మేరకే విస్తరిస్తుంది, పెరిగితే రెండుగా చీలుతుంది. కారు వస్తే ఈ అమరిక మొత్తం కదిలిపోతుంది. నచ్చిన బోధకుడి దగ్గరికి, నచ్చిన స్నేహితుల దగ్గరికి ఎవరి దారిన వారు పోతారు, పక్కింటివాడితో సర్దుకుపోవలసిన అవసరం తీరిపోతుంది.

సంఘం నడవడికి ఒర్ద్నుంగ్ అనే కట్టుబాట్లు ఆధారం. చాలాచోట్ల అవి రాతలో ఉండవు. ఏటా వసంతంలోనూ శరదృతువులోనూ రొట్టె, ద్రాక్షరసం పంచుకునే పవిత్ర సంస్కారానికి ముందు, ఆ కట్టుబాట్లకు అందరూ సమ్మతిస్తున్నారో లేదో ఒక్కొక్కరినీ అడుగుతారు. సమ్మతి కుదరకపోతే సంస్కారమే వాయిదా పడవచ్చు. కనుక ఒక కొత్త వస్తువు వచ్చినప్పుడు దాన్ని వెంటనే నిషేధించడమూ ఉండదు, వెంటనే ఆమోదించడమూ ఉండదు. ఎవరో ఒకరు వాడతారు, మిగతావారు గమనిస్తారు, చాటుమాటున విసుక్కుంటారు, కొన్నేళ్లకు ఒక నిర్ణయం గట్టిపడుతుంది. పక్క సంఘంలో ఆ నిర్ణయం మరోలా ఉండవచ్చు. 'ఆమిష్‌లు ఇది చేయరు' అని మొదలయ్యే వాక్యాల్లో చాలావాటిని అందుకే అనుమానంతో చదవాలి. లాంకాస్టర్ ఆమిష్‌లు సైకిలు తొక్కరు, కాలితో నెట్టుకునే స్కూటర్ వాడతారు. ఒహాయోలోని హోమ్స్ కౌంటీలో చాలామంది ఆమిష్‌లు బ్యాటరీ సైకిళ్లే తొక్కుతున్నారు.

టెలిఫోను కథ ఈ పద్ధతికి మంచి ఉదాహరణ. 1910 ప్రాంతంలో లాంకాస్టర్ సంఘాలు ఇంట్లో ఫోను వద్దన్నాయి. ఎదురుపడి మాట్లాడుకోవడం తగ్గుతుందనీ, చాటుమాటలు పెరుగుతాయనీ వారి భయం. తరువాత పశువైద్యుణ్ణి పిలవడానికీ, ప్రాణాపాయంలో కబురు పెట్టడానికీ ఫోను కావలసి వచ్చింది. అప్పుడు కొన్ని ఇళ్లవాళ్లు కలిసి, పొలం గట్టున మరుగుదొడ్డి అంత కొట్టు కట్టి, అందులో ఫోను పెట్టుకోవడానికి అనుమతి దొరికింది. ఇవాళ కూడా ఆ దారుల్లో అలాంటి కొట్లు కనిపిస్తాయి. మాట్లాడాలంటే ఇల్లు వదిలి, చలిలోనో ఎండలోనో నడిచిపోవాలి. ఆ అసౌకర్యాన్ని కావాలనే అట్టిపెట్టారు. రోజంతా జేబులో ఫోను మోగుతున్న నాకు ఆ కొట్టును చూస్తే నవ్వు రాలేదు.

కరెంటు విషయంలోనూ ఇదే తర్కం. 1919లో లాంకాస్టర్ పెద్దలు వీధి తీగ నుంచి కరెంటు తీసుకోకూడదని నిర్ణయించారు. విద్యుచ్ఛక్తి పాపమని ఎవరూ అనలేదు, బ్యాటరీ అప్పుడూ వాడారు, ఇప్పుడూ వాడుతున్నారు. తీగ వస్తే దాని వెంట ఏమేమి వస్తాయో చెప్పలేమని వాళ్లు అనుకున్నారు. రేడియో, టెలివిజన్ తరువాతి దశాబ్దాల్లో వచ్చినప్పుడు, వాటికి అడ్డుగోడ ముందే కట్టి ఉంది. ట్రాక్టర్ కూడా 1920లలోనే పొలం నుంచి బయటికి పోయింది, కాని కొట్టం దగ్గర నిలబెట్టి, పట్టీ తగిలించి, గడ్డి కోసే యంత్రాన్ని తిప్పడానికి పనికివచ్చింది. పొలంలో గుర్రాలు, కంచరగాడిదలు మిగిలాయి. అవి ఉన్నంతకాలం కమతం మితిమీరి పెరగదు, కొడుకులకు పని ఉంటుంది, పశువుల ఎరువు పొలానికే పోతుంది.

అయితే కట్టుబాటుకూ కడుపుకూ పోటీ వచ్చిన సందర్భం పాలవ్యాపారంలో ఎదురైంది. 1960ల చివర పాల కంపెనీలు బిందెలలో పాలు తీసుకోబోమనీ, ప్రతి రైతూ యంత్రంతో చల్లబరిచే పెద్ద తొట్టె పెట్టుకోవాలనీ పట్టుబట్టాయి. తొట్టె వద్దంటే పాలమ్మడం ఆగిపోతుంది, పాలు ఆగితే చిన్న కమతం నిలవదు. తొట్టె కావాలంటే కరెంటు కావాలి. పెద్దలు, కంపెనీలవాళ్లు కూర్చుని బేరమాడారు. చల్లబరిచే యంత్రాన్ని డీజిల్ ఇంజను తిప్పుతుంది, పాలు కలియదిప్పే తెడ్డును 12 వోల్టుల బ్యాటరీ తిప్పుతుంది, ఆదివారం మాత్రం పాలలారీ ఆమిష్ గడప తొక్కకూడదు. ఆదివారం షరతుకు కంపెనీలు ఒప్పుకున్నాయి. ఈ ఒక్క బేరం తరువాతి యాభై ఏళ్లను మలిచింది. కొట్టంలో డీజిల్ ఇంజను చోటుచేసుకున్నాక, దానితో గాలిని కుదించి గొట్టాల ద్వారా ఇంట్లోకి, కార్ఖానాలోకి పంపడం నేర్చారు. బట్టలుతికే యంత్రం, కుట్టుమిషను, చెక్కలు కోసే రంపం కూడా ఆ గాలితో తిరుగుతాయి. దీన్నే అక్కడివాళ్లు హాస్యంగా ఆమిష్ కరెంటు అంటారు. కపటమని కొట్టిపారేసే పర్యాటకులు ఉన్నారు. నాకు అలా అనిపించలేదు. మడి కట్టుకున్న మామ్మ గ్యాసు పొయ్యి మీద వంట చేస్తే మనం మడి చెడిందని అనం కదా. గీత ఎక్కడో ఒకచోట గీయాలి, అందరూ దాన్ని ఒప్పుకోవాలి.

సొంతమూ వాడకమూ ఒకటి కావన్నది ఈ గీతలో మరో సూక్ష్మం. ఆమిష్ కుటుంబం కారు కొనదు, కాని దూరం పోవాలంటే డబ్బిచ్చి డ్రైవరుతో సహా వ్యాను మాట్లాడుకుంటుంది. కారు వాకిట్లో ఉంటే ఏ చిన్న కోరికకైనా బయలుదేరుతాం. అడిగి, డబ్బిచ్చి, నలుగురితో కలిసి వెళ్లవలసి వస్తే అవసరమా అని ఒకసారి ఆలోచిస్తాం.

ప్రభుత్వంతో వాళ్ల తగాదాలు కూడా ఈ పరస్పరాధారం చుట్టూనే తిరిగాయి. ముసలితనంలో ఆదుకోవడం సంఘం బాధ్యత కనుక, ప్రభుత్వ వృద్ధాప్య బీమా తమకు వద్దనీ, దాని పన్ను కట్టబోమనీ ఆమిష్ రైతులు అన్నారు. 1961 వసంతంలో వాలెంటైన్ బైలర్ అనే పెన్సిల్వేనియా రైతు దుక్కి దున్నుతుండగా, పన్ను అధికారులు పొలంలోకి వచ్చి మూడు గుర్రాలను విప్పుకుపోయి వేలం వేశారు. దేశమంతా గగ్గోలు పుట్టింది. 1965లో ఆ పన్ను నుంచి వారికి మినహాయింపు దొరికింది. ఆదాయపు పన్ను, ఆస్తి పన్ను మాత్రం అందరిలాగే కడతారు, తమ పిల్లలు వెళ్లని ప్రభుత్వ బడుల పన్నుతో సహా. ఆ దారిలో చాలా ఇళ్లకు పక్కన అతుకుపెట్టినట్టు మరో చిన్న ఇల్లు ఉంటుంది. కొడుకుకు సేద్యం అప్పగించాక తల్లిదండ్రులు తాతయ్య ఇల్లని పిలిచే ఆ చిన్న ఇంటికి మారతారు. వంటిల్లు వేరు, వాకిలి ఒకటే. నాన్న ఆ ఇళ్లను లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. పద్నాలుగు దాకా లెక్కపెట్టి, ఎందుకో ఆపేశాడు.

బడి విషయంలో తీర్పు 1972లో వచ్చింది. ఎనిమిదో తరగతి తరువాత పిల్లల్ని బడికి పంపనందుకు విస్కాన్సిన్‌లో ముగ్గురు తండ్రులకు అయిదేసి డాలర్ల జరిమానా పడింది. ఆ కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. వారి మతస్వేచ్ఛ ముందు రాష్ట్రం చెప్పిన కారణాలు నిలవవని ప్రధాన న్యాయమూర్తి బర్గర్ తీర్పు రాశారు. జస్టిస్ డగ్లస్ మాత్రం, పిల్లల మాట ఎవరడిగారని పాక్షికంగా విభేదించారు. నా మట్టుకు నాకు డగ్లస్ ప్రశ్న ఇప్పటికీ జవాబు లేనిదిగానే కనిపిస్తుంది. బాప్తిస్మం తీసుకోకముందు సంఘం వదిలి వెళ్లినవారిని ఎవరూ వెలివేయరు, నిజమే. ఎక్కువమంది, నూటికి 85 మందో అంతకన్నా ఎక్కువో, ఉండిపోతారన్నదీ నిజమే. కాని ఎనిమిదో తరగతితో, బయటి ప్రపంచపు పత్రాలూ పరిచయాలూ లేకుండా పద్దెనిమిదేళ్ల పిల్లకు బయటికి పోయే దారి ఎంత వెడల్పుగా ఉంటుంది? బాప్తిస్మం తీసుకున్నాక వెళితే వెలి తప్పదు.

నాన్నకు వీటన్నిటికన్నా పొగాకు కొట్టం ఎక్కువ నచ్చింది. గోడ చెక్కలు కొన్ని తలుపుల్లా తెరుచుకునే ఎత్తైన కొట్టం లోపల పొగాకు మొక్కలు తలకిందులుగా వేలాడుతున్నాయి. మన ప్రకాశంలో పండిన ఆకును పండినట్టే కోసి, కర్రలకు కట్టి, బ్యారన్‌లో వేడిపెట్టి కొద్దిరోజుల్లో పసుపుపచ్చగా క్యూరింగ్ చేస్తాం, తరువాత పొగాకు బోర్డు వేలానికి పంపుతాం. ఇక్కడ మొక్కను కాండంతో సహా నరికి, సన్నకర్రకు గుచ్చి, గాలికే వారాల తరబడి ఆరనిస్తారు. చలికాలంలో ఇంటిల్లిపాదీ కూర్చుని ఆకు తీస్తారు. కూలి ఖర్చు లేకుండా పిల్లలతో సహా అందరికీ పని పెట్టి, చిన్న కమతానికి రొక్కం తెచ్చే పంట కాబట్టే పొగాకు తరతరాలు ఇక్కడ భూమి అప్పులు తీర్చింది. ఇంత భక్తిపరులు పొగాకు పండించడమేమిటని అడిగేవాళ్లున్నారు. ఒంగోలు రైతును ఆ మాట అడిగితే ఏం చెబుతాడో నాన్న ముఖంలో కనిపించింది.

పంట కన్నా పెద్ద చిక్కు భూమిది. 50, 60 ఎకరాల కమతం, ఇంటికి ఆరేడుగురు పిల్లలు, రెండు దశాబ్దాలకొకసారి రెట్టింపయ్యే జనాభా, పక్కనే ఫిలడెల్ఫియా వాళ్ల ఇళ్లస్థలాల ఒత్తిడి. లాంకాస్టర్‌లో సాగుభూమి ఎకరం 20 వేల డాలర్లు దాటడం ఇప్పుడు వార్త కాదు. అందువల్ల సగంకన్నా తక్కువ ఆమిష్ కుటుంబాలు మాత్రమే సేద్యం మీద బతుకుతున్నాయి. మిగతావారు కుర్చీలు, బల్లలు, తోటలో పెట్టుకునే చెక్క గదులు చేసే కార్ఖానాలు నడుపుతున్నారు, ఇళ్లు కట్టే మేస్త్రీలుగా పోతున్నారు. తండ్రి పొద్దున క్యారియర్ పట్టుకుని పనికి పోవడం సంఘం పెద్దలకు కొత్త బెంగ. పొలంలో పిల్లలు తండ్రి వెంట ఉండి పని నేర్చుకునేవారు. కార్ఖానాలో చేతికి డబ్బు వస్తుంది, తీరిక వస్తుంది. ట్రాక్టర్‌ను ఆపిన కట్టుబాటు రియల్ ఎస్టేట్‌ను ఆపలేకపోయింది.

ఈ పచ్చదనం చూసి వీళ్లను ప్రకృతి వ్యవసాయానికి పోతపోసిన బొమ్మలని అనుకుంటే అదీ పొరపాటే. లాంకాస్టర్ ఆమిష్ రైతుల్లో చాలామంది రసాయన ఎరువులు, మందులు మామూలుగానే వాడతారు. చిన్న కమతంలో ఎక్కువ పశువులు, సున్నపురాయి నేల. ఆ పేడ, ఎరువుల నత్రజని వానతో సస్కహానా నదిలోకి, అక్కడి నుంచి చెసపీక్ అఖాతంలోకి చేరుతుంది. 2010లో కేంద్ర పర్యావరణ సంస్థ ఆ కాలుష్యానికి హద్దులు పెట్టినప్పుడు పెన్సిల్వేనియాలో అందరి దృష్టీ ఈ కౌంటీ మీదే పడింది. వాగుల్లోకి పశువులు దిగకుండా కంచెలు వేయించడానికి అధికారులు ఇప్పుడు ఇల్లిల్లూ తిరగవలసి వస్తోంది. ప్రభుత్వ డబ్బు పుచ్చుకోవడానికి ఇష్టపడనివారితో ఆ పని నెమ్మదిగానే సాగుతుంది.

తమలో తాము పెళ్లాడటం వల్ల కొన్ని జన్యువ్యాధులు ఈ సంఘంలో ఎక్కువ. వాటి కోసం 1989లో డాక్టర్ హోమ్స్ మోర్టన్ ఈ కౌంటీలోనే ఉన్న స్ట్రాస్‌బర్గ్ దగ్గర ప్రత్యేక పిల్లల వైద్యశాల మొదలుపెట్టారు. దాని భవనానికి ఆమిష్, మెన్నోనైట్ వడ్రంగులే చేతులు కలిపి దూలాలెత్తారు. ఎనిమిదో తరగతితో చదువు ఆపేసిన సంఘం, పుట్టిన పిల్లల రక్తాన్ని జన్యుపరీక్షకు పంపడానికి మాత్రం వెనకాడలేదు. బొంతల వేలంతో ఆ వైద్యశాలకు డబ్బు కూడా కూడబెడుతుంది.

చూడటానికి వచ్చే మనలాంటివాళ్ల గురించి ఒక మాట. ఏటా లక్షలమంది ఆ రోడ్ల మీద తిరుగుతారు. ఫొటోకు నిలబడటం వారికి ఇష్టం ఉండదు. తన రూపాన్ని తాను పూజించుకోవడంగా దాన్ని చూస్తారు. మనం అలంకారమనుకునే బండి వెనక నారింజరంగు త్రికోణం ప్రాణాలు కాపాడే గుర్తు, కారు వేగం తగ్గించమని హెచ్చరిక. రోడ్డుపక్క బల్ల మీద టమాటాలు, పచ్చడి సీసాలు పెట్టి, పక్కన ఆదివారం అమ్మకం లేదని రాసి ఉంటుంది. ఒకచోట మనిషి లేడు, డబ్బు వేయడానికి ఒక పెట్టె మాత్రం ఉంది. నాన్న మూడు డాలర్ల టమాటాలకు అయిదు వేసి, చిల్లర కోసం పెట్టెలో చెయ్యి పెట్టడానికి మొహమాటపడ్డాడు.

తిరుగు దారిలో ఒక ఇంటి పక్కన మడినిండా సెలరీ అనే పచ్చటి కాడల కూర కనిపించింది. అంత సెలరీ పెట్టారంటే ఆ ఇంట్లో ఆడపిల్ల ఉన్నట్టు, నవంబరులో కోతలయ్యాక పెళ్లి జరగబోతున్నట్టు లెక్క. పెళ్లిళ్లు మంగళ, గురువారాల్లో చేస్తారు. వందలమంది భోజనంలో సెలరీ తప్పనిసరి. ఆ కొత్త జంటకు ఇక్కడ భూమి దొరకడం కష్టం. అలాంటివాళ్లు న్యూయార్క్ రాష్ట్రానికో, కెంటకీకో, ఇండియానాకో, ఎకరం చవకగా దొరికే చోటికి వెళ్లి, పది ఇళ్లు కాగానే కొత్త సంఘం పెట్టుకుంటారు. వెళ్లేటప్పుడు ఆవులను, కంచరగాడిదలను, విప్పిన బండిని, నాగలిని అద్దెలారీలోకి ఎక్కిస్తారు. పొలం యజమాని డ్రైవరు పక్క సీట్లో కూర్చుని దారి చెబుతాడు.